పదేళ్ళాయన కొత్త లెన్సు

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది. ఆ పేరుతో పిలిచేవాళ్ళు మాత్రం దాదాపు ఎవరూ మిగల్లేదు. వీధి మొత్తానికి ఆయన పదేళ్ళాయన. ఇంటి ముందుగదే స్టూడియో. అక్కడ స్టూలు మీద కూర్చుని ఫొటో తీయించుకుంటే, ముఖంలోంచి పదేళ్ళు తీసి పక్కన పెడతాడని పేరు. కళ్ళకింది సంచులు, నుదుటి మీది గీతలు, బుగ్గల మీది మచ్చలు అన్నీ ఆయన ఫొటోలో ఉంటాయి, కానీ గట్టిగా మాట్లాడవు. ముఖం చుట్టూ మాత్రం పొద్దుటి మంచులోంచి వచ్చినట్టు సన్నటి వెలుగొకటి కమ్ముకుని ఉంటుంది. పెన్షను కాగితాల కోసం ఫొటో తీయించుకున్న ముసలాయనొకడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ కుర్రాడికి పెన్షనిస్తారంటారా?" అని దిగులుపడ్డాడని చెప్పుకునేవారు.

పైగా ఆయన ఫొటోలు దిద్దడు. కంప్యూటర్లో ముఖాలకి ఇస్త్రీ చెయ్యడమంటే ఆయనకి ఒళ్ళుమంట. "దేవుడు గీసిన గీతని చెరపడానికి మనమెవరమండీ? నేను ఉన్నదున్నట్టు తీస్తాను, అంతే" అనేవాడు. ఉన్నదున్నట్టు తీస్తేనే ఇంత బాగుంటే, మనం నిజంగానే ఇంత బాగుంటామన్నమాట అని జనం సంతోషంగా ఇంటికి వెళ్ళేవారు.

ఎవరైనా మెచ్చుకుంటే ఆయన చూపుడువేలు పైకెత్తేవాడు. "నాదేముందండీ! అంతా పైవాడి దయ. ఈ చేతిలో ఏదో పెట్టాడు." పైవాడి దయ అన్నప్పుడు గొంతు కొంచెం తగ్గేది. ఈ చేతిలో అన్నప్పుడు కొంచెం పెరిగేది. ఆ తేడా ఆయనకి వినపడేది కాదు. గల్లాపెట్టె పక్కన కూర్చుని ఫొటోలు కత్తిరించి కవర్లలో పెట్టే ఆయన భార్యకి వినపడేది. అప్పుడు ఆవిడ కత్తెర కొంచెం గట్టిగా ఆడించేది.

ఇలా ఉండగా ఎదురువరసలో కొత్త స్టూడియో ఒకటి వెలిసింది. అద్దాల తలుపు, లోపల గొడుగుల్లాంటి దీపాలు, బయట నిలువెత్తు బొమ్మ. ఆ బొమ్మలో అమ్మాయి పంటి మీది మెరుపు రోడ్డు ఇవతలికి కూడా కనపడేది. పదేళ్ళాయన వారం రోజులు దానివైపు చూడనట్టే చూశాడు. ఆ తరవాత ఆయన మనసులో ఒకటే ముల్లు: పాత లెన్సు, పాత గది. నా చేతి పేరు ఈ అద్దాల తలుపు ముందు ఎన్నాళ్ళు నిలబడుతుంది?

"లెన్సు మార్చెయ్ బావా" అన్నాడు బావమరిది. సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు, ఏ కష్టానికైనా వస్తువొకటి మార్చడమే మందు అని అతని నమ్మకం. "కంపెనీవాళ్ళు కొత్తది ఇంటికే పంపిస్తారు. తెచ్చినవాడే పాతది పట్టుకుపోతాడు. ఆ మేరకు ధర తగ్గిస్తారు."

"పాతదాన్ని ఇచ్చెయ్యాలా?"

"ఇంకెందుకు బావా, మ్యూజియంలో పెట్టుకుంటావా?"

గల్లాపెట్టె దగ్గర్నుంచి అతని అక్క వెంటనే, "లెన్సుని కాకపోతే మీ బావని పెడదాంలే" అంది. ఆ రాత్రే ఆర్డరు పెట్టేశారు.

ఇక చూడండి, పదేళ్ళాయన అవస్థ! మనిషి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పార్సెలు ఎక్కడుందో సెల్‌ఫోనులో చూసుకోవచ్చని బావమరిది నేర్పాడు, అదే కొంప ముంచింది. పొద్దున్న లేచి దేవుడి పటానికి దణ్ణం పెట్టుకునేముందు ఒకసారి, దణ్ణం పెట్టుకున్నాక ఒకసారి ఫోను చూసేవాడు. బయల్దేరింది. ఏదో గోదాముకి చేరింది. మళ్ళీ బయల్దేరింది. ఒకరోజు వెనక్కి, వచ్చిన గోదాముకే వెళ్ళింది.

"ఇదేమిట్రా, పుట్టింటికి పోయింది?" అని బావమరిదికి ఫోను చేశాడు.

"వచ్చేస్తుంది బావా, దారి అలాగే ఉంటుంది."

"ఇంతకీ క్షేమంగానే ఉందంటావా? వానలు పడుతున్నాయి అక్కడ."

భార్య కత్తెర ఆపింది. "నేను ఆస్పత్రిలో వారం ఉన్నాను. అప్పుడు ఇన్నిసార్లు కనుక్కున్నట్టు గుర్తులేదు నాకు."

"నువ్వెక్కడున్నావో తెలుసు కదా" అన్నాడు ఆయన. ఆ మాటకి ఆ రోజు టీ ఆయనే పెట్టుకోవాల్సి వచ్చింది.

అలమరలో పై అర తుడిపించాడు. అందులో పరచడానికి మెత్తటి గుడ్డ తెచ్చాడు. వచ్చేపోయేవాళ్ళకి చెప్పాడు. పాలాయనకి చెప్పాడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన అడక్కపోయినా చెప్పాడు. ఒక్కొక్కప్పుడు ఆయనకే అనుమానం వచ్చేది, భగవంతుడి కోసం ఈపాటి ఎదురుచూపు తాను ఎన్నడైనా చూశాడా అని. చూడలేదు. అయితే భగవంతుడు ఇప్పుడెక్కడున్నాడో చూపించే ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు కదా అని సర్దిచెప్పుకునేవాడు.

ఒకరోజు బావమరిది కొత్త భయం పెట్టాడు. "పాతదాన్ని తీసుకెళ్ళేవాడు టార్చిలైటు వేసి చూస్తాడు బావా. లోపల దుమ్మూ ధూళీ ఉంటే వద్దంటాడు. ముందే శుభ్రం చేయించు."

వీధిలోనే ఒక మేడ మెట్లకింద గదిలో కెమెరాలు, గడియారాలు బాగుచేసేవాడొకడు ఉన్నాడు. ఎప్పుడూ కంటికి గాజుగొట్టం తగిలించుకుని ఉంటాడు గనక భూతద్దం అనే పేరు పడిపోయింది. భూతద్దం ఆ లెన్సుని దీపం దగ్గర పట్టుకుని, లోపలికి చూసి, ఈల వేశాడు.

"గురువుగారూ, ఇందులో పెద్ద తోటే పెంచారే!"

పదేళ్ళాయన కూడా వంగి చూశాడు. అద్దం లోపల, అంచు నుంచి మధ్యకి, తెల్లటి దారాలు వేర్లలా పాకి ఉన్నాయి. ఒక వేరులోంచి ఇంకో వేరు, దానిలోంచి పిల్లవేర్లు. దాని మీద పల్చటి మసక.

"ఏమిటిది?"

"బూజు. తేమకి పడుతుంది. మీ స్టూడియో వెనక గోడ చెమ్మగిల్లుతుందిగా, అక్కడ పెట్టి ఉంటారు. ఏళ్ళ తరబడి పెరిగింది. కొత్త లెన్సు వస్తే మాత్రం దీని పక్కన పెట్టకండి, అంటుకుంటుంది."

ఆయనకి తలకొట్టేసినట్టయింది. చుట్టాలు ఇంట్లోకి వచ్చాక మంచంకింది చెత్త కంటపడ్డట్టు అటూ ఇటూ చూశాడు. "ఎవరికీ చెప్పకు. మచ్చ లేకుండా తీసెయ్."

"తీస్తా. కడిగిన ముత్యంలా చేసిస్తా."

ఇంటికి వస్తుంటే దారిలో సిగ్గు మెల్లగా దిగిపోయింది. దాని చోట ఇంకేదో ఎక్కింది. మెట్టెక్కుతూనే భార్యతో అన్నాడు:

"చూశావా! ఇన్నాళ్ళూ నేను బూజుపట్టిన అద్దంలోంచి తీశాను. అయినా అలాంటి ఫొటోలొచ్చాయి. ఆలోచించు, ఇక శుభ్రమైన అద్దం చేతికొస్తే..." మాట పూర్తి చెయ్యలేక చెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. "ఏదో పెట్టాడు ఇందులో. లేకపోతే ఎలా సాధ్యం?"

భార్య కత్తెర ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ ఆడింది.

భూతద్దం మాట నిలబెట్టుకున్నాడు. పాత లెన్సు తళతళా మెరుస్తూ తిరిగొచ్చింది. కొత్తది వచ్చేదాకా దానితోనే కానిద్దామని పదేళ్ళాయన స్టూలు మీద భార్యని కూర్చోబెట్టి ఒకటి తీశాడు, ఆ తరవాత గిరాకీలకి తీయడం మొదలుపెట్టాడు. మొదట బ్యాంకులో పనిచేసే ఆవిడ గుర్తింపు కార్డు కోసం వచ్చింది. ఫొటో చూసి, "ఇది మా అమ్మ ఫొటో అండీ, నాది ఇవ్వండి" అంది. మూలమీద క్షౌరశాల ఆయన ఏటా ఒకటి తీయించుకుంటాడు. ఈసారి ఫొటో చూసి చెయ్యి గడ్డానికి పోనిచ్చాడు.

"ఈ మచ్చ ఎప్పుడొచ్చింది?"

"ఎప్పట్నుంచో ఉంది కదయ్యా నీకు!"

"ముఖం మీద ఉంది, నాకు తెలుసు. ఫొటోలోకి ఎప్పుడొచ్చింది అంటున్నా."

పదేళ్ళాయన ఆ లెన్సు పట్టుకుని మెట్లకింద గదికి పరుగెత్తాడు. "పాడుచేశావు! నా అద్దాన్ని పాడుచేశావు! ముఖాలు గరుగ్గా వస్తున్నాయి."

భూతద్దం లెన్సుని దీపానికి పెట్టి చూశాడు. "మా అత్తగారి మాటంత స్పష్టంగా ఉంది గురువుగారూ. ఇంతకన్నా స్పష్టంగా ఉంటే మనిషి తట్టుకోలేడు."

ఆయన వినలేదు. బూజుతో పాటు ఏదో పూత కూడా గీకేశాడని తేల్చుకున్నాడు. స్టూడియో తలుపుకి కాగితం అంటించాడు: కొత్త లెన్సు వస్తోంది, దయచేసి కొన్నాళ్ళు ఆగండి. కొందరు ఆగారు. కొందరు ఆ కాగితం చదువుకుని అటునుంచి అటే రోడ్డు దాటి అద్దాల తలుపులోకి వెళ్ళారు. వెళ్ళిన ప్రతివాడి వీపూ ఆయన కౌంటరు వెనకనుంచి చూశాడు. ఇప్పుడిక ఆ పార్సెలు సరదా కాదు, ప్రాణంమీదికొచ్చిన పని. కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాడు.

ఆగినవాళ్ళలో పెద్ద టీచరుగారు ఒకరు. వీధి చివరి బడికి ప్రధానోపాధ్యాయురాలు, ఆ నెలాఖరుకి పదవీ విరమణ. బడి హాల్లో అంతకుముందువాళ్ళందరి ఫొటోలూ వరసగా ఉన్నాయి, ఆవిడది కూడా పెట్టాలి. ఆవిడ ఫొటో తీసే హక్కు ఎప్పట్నుంచో పదేళ్ళాయనకే.

"ఎదురుగా ఇంకోడు వచ్చాట్టగా? మా మాస్టార్లు అక్కడికి వెళ్ళమంటున్నారు. నేను పోనన్నాను" అంది ఆవిడ.

"ఆగండి టీచరుగారూ. కొత్తది రాగానే మొదటి సిటింగు మీదే. మిమ్మల్ని మీరే కొత్తగా చూసుకుంటారు."

ఆ మాట ఎంత నిజమో ఆయనకి అప్పటికి తెలియదు.

చివరికి ఒక మధ్యాహ్నం పార్సెలు వచ్చింది. తెచ్చిన మనిషి చెమటలు తుడుచుకుంటూ సంతకం అడిగాడు. పదేళ్ళాయన చూపు పెట్టెమీదే ఉంచి సంతకం చెయ్యబోయి రెండుసార్లు తప్పు గీశాడు. ఆ మనిషి పాత లెన్సుని తీసుకుని, టార్చిలైటు వేసి, లోపలికి చూశాడు.

"సార్, ఇది కొత్తదానిలా ఉంది. ఇంత బాగున్నదాన్ని ఇచ్చేస్తున్నారేంటి?"

"పట్టుకుపోవయ్యా బాబూ, పట్టుకుపో!" అని దాదాపు గెంటినంత పనిచేసి పంపించాడు.

పెట్టె విప్పడం ఒక గంట. పైకాగితం చించకుండా, కత్తెరతో అతుకుల దగ్గరే కోసి, లోపలి నురుగుదిమ్మలు ఒక్కొక్కటే తీసి వరసగా బల్లమీద పేర్చాడు. నల్లగా, బరువుగా, చల్లగా ఉంది లెన్సు. దణ్ణం పెట్టుకుని కెమెరాకి బిగించాడు. భార్యని మళ్ళీ స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"చూడు! కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు!"

ఆవిడ వచ్చి తెరమీద చూసుకుంది. "వెంట్రుకలేనా? అన్నీ లెక్కపెట్టొచ్చు" అంది.

ఆయన ఉబ్బితబ్బిబ్బయి ఉన్నాడు, వినలేదు. పెద్ద టీచరుగారికి కబురు చేశాడు. ఆవిడ జరీ అంచు చీర కట్టుకుని, బడి మధ్యలోనే వచ్చింది. ఎప్పటిలాగే స్టూలుని కిటికీవైపు కాస్త తిప్పి, గడ్డం కొంచెం కిందికి దింపమని, ఊపిరి వదలమని చెప్పి, కెమెరా మీట నొక్కాడు. చేతిలో ఏదో ఉన్నట్టే అనిపించింది ఆయనకి.

ఫొటో అచ్చయి బయటికి వచ్చింది. టీచరుగారు కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. బడిలో తప్పు చేసిన పిల్లల ముందు ఆవిడ ఇలాగే మౌనంగా ఉంటుందని వీధిలో చెప్పుకునేవారు.

"నీకు ఒంట్లో బాగుండటం లేదా, ఏమయ్యా?" అంది చివరికి, మెత్తగా.

"బాగానే ఉందండీ."

"మరి నాకేమైంది?"

ఆవిడ ఫొటో బల్లమీద బోర్లా పెట్టి, "రేపొస్తాను. నిదానంగా, మనసుపెట్టి తియ్యి" అని వెళ్ళిపోయింది.

పదేళ్ళాయన స్టూలు మీద తనే కూలబడ్డాడు. పైవాడు ఇచ్చింది పైవాడే వెనక్కి తీసుకున్నాడు, ఎక్కడో గర్వపడ్డాను, దానికే ఈ శిక్ష అని గొణుక్కున్నాడు. గొణుక్కుంటూనే, ఎక్కడ గర్వపడ్డానా అని వెతుకుతుంటే, ఆ గర్వం వెతకనవసరం లేనన్ని చోట్ల దొరికింది.

అప్పుడు భార్య లేచి వచ్చింది. బల్లమీద తన ఫొటోలే మూడు వరసగా పెట్టింది. కిందటేడు తీసింది ఒకటి. లెన్సు శుభ్రం చేయించాక తీసింది ఒకటి. ఇవాళ్టిది ఒకటి.

"చూడండి. ఈ మొదటిదానిలో నేను కొత్తకోడలిలా ఉన్నాను. తక్కిన రెండిట్లో నేను నాలా ఉన్నాను. ఆ రెండూ ఒకటే. చెయ్యీ అదే, స్టూలూ అదే, మనిషీ అదే."

"అయితే?"

"అయితే ఏముంది? మధ్యలో పోయింది బూజొక్కటే కదండీ."

ఆయన మూడు ఫొటోలనీ మార్చి మార్చి చూశాడు. ఆ మంచు, ఆ వెలుగు, ముఖాల చుట్టూ కమ్ముకునే ఆ దయ, అన్నీ ఆ తెల్లదారాల మసకే. ఇన్నేళ్ళుగా ఎవరి ముఖాన్నీ దిద్దనని ఒట్టుపెట్టుకుని కూర్చున్నాడు. అద్దంలో కూర్చుని బూజు ఒక్కొక్కరినీ దిద్దుతూనే ఉంది. దాన్ని తనే డబ్బిచ్చి గీకించాడు. ఆనక అసలు లెన్సునే పరాయివాడి చేతుల్లో పెట్టి గెంటాడు.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"బూజు సంగతి నాకెలా తెలుస్తుంది? చెయ్యి సంగతి మాత్రం..." ఆవిడ నవ్వు ఆపుకుంది. "ఆ చేత్తోనే ఇంట్లో మేకు కొట్టారు కదా, గోడ పెచ్చు ఊడిపడింది."

ఆ సాయంత్రం ఆయన చాలాసేపు దేవుడి పటం ముందు కూర్చున్నాడు. చెయ్యి ఇచ్చావనుకుని ఇన్నాళ్ళూ దణ్ణం పెట్టాను. నువ్విచ్చింది బూజు. మరి పెట్టిన దణ్ణాలన్నీ చిరునామా తప్పినట్టేనా? లేక బూజుని పుట్టించినవాడివీ నువ్వే గనక సరైన చోటికే చేరాయా? పటం ఏమీ అనలేదు. అది ఎప్పుడూ ఏమీ అనలేదని, ఇన్నాళ్ళూ అటూ ఇటూ రెండు పాత్రలూ తనే మాట్లాడాడని ఆయనకి మొదటిసారి తోచింది.

మర్నాడు టీచరుగారు వచ్చేసరికి నిజం చెప్పెయ్యాలని నిశ్చయించుకున్నాడు. పేరు పోతే పోయింది. ఆవిడ కూర్చోగానే అంతా చెప్పాడు. చెమ్మగోడ, తెల్లదారాలు, భూతద్దం, అన్నీ.

ఆవిడ శ్రద్ధగా వింది. "అంటే, నన్ను ఇన్నేళ్ళూ అలా చూపించింది బూజన్నమాట."

"అవునండీ. నాదేమీ లేదు." మొదటిసారిగా ఆ మాట గొంతు తగ్గకుండా, పెరగకుండా వచ్చింది.

"మా ఇంటి గోడల నిండా నీ ఫొటోలే. నా మనవరాలు నన్ను చూసి నమ్మదు, వాటిని చూసి నమ్ముతుంది." ఆ వెంటనే అడిగింది: "ఇప్పుడా బూజెక్కడుంది?"

"పోయిందండీ. కడిగించేశాను."

"నిన్నెవరు కడిగించమన్నారయ్యా?"

ఆయన తల దించుకుని, జన్మలో అనననుకున్న మాట అన్నాడు. "కావాలంటే కంప్యూటర్లో దిద్దిస్తానండీ. నున్నగా చేయిస్తాను."

"ఛీ!" అంది ఆవిడ, బెత్తం చప్పుడులా. "దిద్దిన ఫొటో హాల్లో పెట్టుకోమంటావా? పిల్లలకి ఇన్నేళ్ళు నిజం చెప్పమని చెప్పినదాన్ని! నాకు ఉన్నదున్నట్టు ఉండాలి. నీ పాత ఫొటోల్లో ఉన్నట్టు."

గల్లాపెట్టె దగ్గర కత్తెర కిందపడింది.

"మరి... ఆ బూజు లేదు కదండీ."

"తెప్పించు. నాకేం తొందర లేదు. హాల్లో మేకు కొట్టించి ఉంచుతాను. ఎప్పుడొస్తే అప్పుడే తీద్దువుగాని." లేచి, చీర సర్దుకుని, గడప దగ్గర ఆగింది. "నువ్వు నిజం చెప్పావు, అందుకే ఎదురుగా పోకుండా ఆగుతున్నాను. తెలిసిందా?"

భూతద్దం ఈ సంగతి విని గాజుగొట్టం కంటినుంచి ఊడిపడేదాకా నవ్వాడు. "తీయమని వచ్చినవాళ్ళున్నారు గానీ, పెట్టమని వచ్చిన మొదటి మనిషి మీరే గురువుగారూ! నేను పెట్టలేను. తడి, చీకటి, గాలాడని చోటు చూసి పెట్టండి. ఆ తరవాత దాని ఇష్టం. ఎప్పుడొస్తుందో, ఎక్కడ పాకుతుందో, ఎంత పాకుతుందో మన చేతుల్లో లేదు. ఎక్కువ పాకితే ఎవరి ముఖమూ కనపడదు, ముందే చెబుతున్నా."

మన చేతుల్లో లేదు అన్న మాట దగ్గర పదేళ్ళాయన తన చెయ్యి ఒకసారి చూసుకుని జేబులో పెట్టుకున్నాడు.

పై అరలోని మెత్తటి గుడ్డ తీసేశాడు. చెమ్మగోడకి ఆనించి ఉన్న చెక్క అలమరలో, అట్టడుగున, పాత తోలుసంచీలో కొత్త లెన్సు చేరింది. ఇంకా కొత్త వాసన కూడా పోని లెన్సు! దాని పక్కన తడిగుడ్డ. బావమరిది అది చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "బావా! దానికి గ్యారంటీ ఉంది బావా! బూజు పడితే గ్యారంటీ పోతుంది!"

"పడనీరా నాయనా, నీ నోటి చలవన" అంది అక్క.

మళ్ళీ ఎదురుచూపు మొదలయింది. స్టూడియో తలుపుమీది కాగితం అలాగే ఉండిపోయింది. ఇది ఎక్కడిదాకా వచ్చిందో చూపించే ఫోను లేదు. పొద్దున్న లేవగానే టార్చిలైటు పట్టుకుని అలమర ముందు గొంతుక్కూర్చుంటాడు. లెన్సుని తిప్పి తిప్పి చూస్తాడు.

"వచ్చిందా?" అని వంటగదిలోంచి భార్య.

"అంచున ఏదో తెల్లగా కనపడింది. తుడిస్తే పోయింది. నా వేలిముద్రే."

"ఎందుకు తుడిచారు మరి? కొన్నాళ్ళు ఉండనివ్వకపోయారా!"

ఆ తరవాత దేవుడి పటం ముందు నిలబడతాడు. ఏం కోరాలో తెలియడం లేదు. బూజు పంపించమని భగవంతుణ్ణి అడగడం మర్యాదగా తోచలేదు. అద్దాన్ని నిర్మలంగా ఉంచమని అడిగితే నిజంగానే ఉంచుతాడేమోనని భయం. అటు అడగలేక, ఇటు అడగలేక, కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు. "నీ ఇష్టం తండ్రీ" అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక, ఫలానాది ఇవ్వమని చెప్పకుండా ఆయన పెట్టిన మొదటి దణ్ణం అదే.

కళ్ళు తెరిచి, బయటికి వెళ్ళబోతూ అలమర దగ్గర ఆగాడు. గుడ్డ అంచులు ఆరినట్టున్నాయి. చెంబులోంచి ఇంకాసిని నీళ్ళు దాని మీద చిలకరించి, తలుపు చప్పుడు కాకుండా మూశాడు.